పత్తిచేలో పురుగు, ప్రోగ్రాంలో పురుగు

మొన్న మంగళవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కూర్చుని ఇంటర్నల్ పేపర్లు దిద్దుకుంటున్నాను. బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి ఏడు చదివే అమ్మాయి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఫస్టియర్‌లో నా దగ్గర తెలుగు చదివిన పిల్ల. చేతిలో స్పైరల్ బైండింగ్ చేయించిన ప్రాజెక్టు రిపోర్టు ఉంది.

"మేడం, మీరు తెలుగు కంటే ముందు బీటెక్ చేశారంట గదా. ఒకటి అడగాలి."

రిపోర్టు తెరిచి టెస్టింగ్ చాప్టరు మీద వేలు పెట్టింది. పెద్ద పట్టిక. వరస నెంబరు, ఇచ్చింది ఏంటి, రావాల్సింది ఏంటి, వచ్చింది ఏంటి, చివర్లో ఫలితం. మొత్తం 37 వరసలు. అందులో 11 చోట్ల ఫెయిల్ అని ఉంది. ఆ పదకొండింటి చుట్టూ ఎవరో ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టారు.

"రివ్యూలో ఇవన్నీ పాస్ అని మార్చుకుని రమ్మన్నారు మేడం. ఫెయిల్ కనపడితే ఎక్స్‌టర్నల్ మార్కులెయ్యడంట. మార్చమంటారా?"

నాకు వెంటనే నోరు పెగల్లేదు. ఎందుకో చెప్పాలంటే నా బీటెక్ దగ్గరికి పోవాలి. పోయినసారి హాస్టల్ గురించి రాసినప్పుడు క్లాసురూము సంగతి తర్వాత చెప్తానని వదిలేశాను. ఇదే ఆ సంగతి.

2006లో ఎంసెట్ రాసి కంప్యూటర్ సైన్సులో చేరాను. అప్పటిదాకా గురుకులంలో తెలుగు మీడియం. ఇంజనీరింగ్ కాలేజీలో కులం ఎవరూ నేరుగా అడగరు. "ర్యాంకెంత?" అని అడుగుతారు. చెప్పిన అంకె విని, కళ్లతోనే తీసివేత చేసుకుంటారు. లెక్క తేలాక గొంతు మారుతుంది. నాలుగేళ్లలో ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగించుకున్నానో లెక్కలేదు. నీకు పాఠంలో ఎక్కడ అర్థం కాలేదని అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ గుర్తుకు రావడం లేదు.

మూడో ఏట సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అని ఒక పేపరు. ప్రెస్‌మన్ పుస్తకం టెక్స్ట్‌బుక్. లైబ్రరీలో ఉన్న కాపీలు అక్కడే కూర్చుని చదువుకోవాలి, ఇంటికివ్వరు. కొనే డబ్బుల్లేవు. గేటు ఎదురు జిరాక్స్ షాపులో దొరికే ఆల్ ఇన్ వన్ మాకు దిక్కు. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో జరిపించిన సమావేశం సంగతి మొదట్లోనే ఉంటుంది. ప్రోగ్రాములు గడువులోగా పూర్తికావడం లేదు, పూర్తయినా సరిగ్గా నడవడం లేదు, ఇదొక సంక్షోభం, వంతెన కట్టినంత పద్ధతిగా ప్రోగ్రాం కట్టడం నేర్చుకోవాలి అన్నది అక్కడి చర్చ. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అనే మాట ప్రచారంలోకి వచ్చింది అక్కడినుంచే. 1968 అంటే నాకు అప్పటిదాకా తెలిసింది కంచికచర్ల. కోటేశును తగలబెట్టిన ఏడాది. మా నాయన నోట చిన్నప్పటినుంచీ విన్న సంవత్సరం. రెండింటికీ పోలికేం లేదని నాకూ తెలుసు. ఒకే క్యాలెండరు, అంతే. కానీ ఆ రాత్రి పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను.

వాటర్‌ఫాల్ మోడల్ బొమ్మ వెయ్యడం మా అందరికీ కంఠతా వచ్చు. మెట్లుమెట్లుగా ఐదారు డబ్బాలు, కిందికి బాణాలు. ముందు అవసరాలు రాసుకో, తర్వాత డిజైను, తర్వాత కోడింగు, చిట్టచివర టెస్టింగు. 1970లో విన్‌స్టన్ రాయిస్ ఇచ్చిన మోడలని రాస్తే మార్కులు. చాలా ఏళ్ల తర్వాత ఆ రాయిస్ వ్యాసం దొరికితే చదివాను. అందులో వాటర్‌ఫాల్ అనే మాటే లేదు. ఆయన ఆ మెట్ల బొమ్మ వేసి, ఇట్లా నేరుగా దిగిపోతే ప్రమాదం అన్నాడు. టెస్టింగు చివరికి పెట్టుకుంటే అక్కడ బయటపడే తప్పు మిమ్మల్ని మళ్లీ మొదటి మెట్టుకి తెస్తుందన్నాడు. కొత్తరకం పనైతే రెండుసార్లు చెయ్యమన్నాడు. ఆయన ఏది ప్రమాదమన్నాడో దాన్నే ఆయన పేరు మీద మాచేత బట్టీ పట్టించారు. మన సాహిత్యంలోనూ ఇట్లాంటి పాపాలు జరిగాయి. అవి ఇంకోసారి.

నాలుగో ఏట టెస్టింగ్ మీదే ఒక పేపరు. బోరిస్ బైజర్ పుస్తకం. అందులో పెస్టిసైడ్ పారడాక్స్ అని ఒక మాట వస్తుంది. పురుగుమందు చిక్కు అనుకోండి. తప్పులు పట్టడానికి నువ్వు ఏ పద్ధతి వాడినా, ఆ పద్ధతికి దొరకని సన్నరకం తప్పులు కొన్ని మిగిలిపోతాయి. వాటి మీద ఆ పద్ధతి ఇక పనిచెయ్యదు. సార్ డెఫినిషన్ రెండుసార్లు చదివి, రాసుకోమని, ముందుకు పోయారు. క్లాసులో చాలామందికి అదొక ఇంగ్లీషు వాక్యం. నాకు మాత్రం మందు వాసన వచ్చింది.

మాది పల్నాడు. మా నాయన పత్తిచేలల్లో మందుకొట్టే కూలికి పోయేవాడు. వీపున డబ్బా, మూతికి తువ్వాలు, కాళ్లకు చెప్పుల్లేవు. మోనోక్రోటోఫాస్ కొడితే పచ్చపురుగు చచ్చేది. పై ఏడు అదే మందుకి సగమే చచ్చేది. ఆ పై ఏడు ఆసామి రెండు మందులు కలిపి కొట్టించేవాడు. పురుగు ఆకు కింద కూర్చుని తనవంక చూసేదని నాయన నవ్వుతూ చెప్పేవాడు. చచ్చింది పిల్లల్ని పెట్టదు గదా, చావని మొండిదే పెడుతుంది, దాని పిల్లలూ మొండివే అవుతాయి. ఇది ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, పచ్చపురుగు బెడద తగ్గింది. కొన్నేళ్లకు గులాబీ పురుగు ఆ బీటీకి కూడా లొంగకుండా తయారైంది. బైజర్ చెప్పింది అక్షరాలా ఇదే.

(కంప్యూటర్లో తప్పుని బగ్ అనడానికి 1947లో హార్వర్డ్ యంత్రంలో దొరికిన రెక్కలపురుగు కారణమని చెప్తారు. ఆ పురుగుని లాగ్‌బుక్‌లో టేపుతో అతికించింది నిజమే గానీ, ఇంజనీర్లు ఆ మాట అంతకు చాలా ముందునుంచే వాడుతున్నారు. పచ్చపురుగు కూడా పెద్దదైతే రెక్కలపురుగే అవుతుంది. ఊరికే చెప్తున్నా.)

ఆ ఏడు వైవాలో ఎక్స్‌టర్నల్ సరిగ్గా అదే ప్రశ్న అడిగాడు. ఇంగ్లీషు డెఫినిషన్ మొదలుపెట్టి మధ్యలో తడబడ్డాను. తడబడి, నాకొచ్చిన ఇంగ్లీషులో పచ్చపురుగు సంగతి చెప్పాను. మందు మారుస్తున్నట్టే టెస్టులు కూడా మారుస్తూ ఉండాలని చెప్పాను. ఇవాళ పేపర్లు దిద్దే మనిషిగా చెప్తున్నా, అది పూర్తి మార్కుల జవాబు. ఆయన పక్కనున్న మా సారువంక చూసి నవ్వాడు. "ఏమ్మా, అగ్రికల్చర్ కాలేజీకి పోవాల్సింది పొరపాటున ఇటొచ్చావా?" అన్నాడు. ఆ తర్వాత అడిగాడు, ర్యాంకెంతని.

ఇక ప్రాజెక్టు. నలుగురం ఒక టీము. అప్పట్లో చాలామంది చేసిందే మేమూ చేశాం. అమీర్‌పేటకి పోయి డబ్బులిచ్చి ఒక లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టం తెచ్చుకున్నాం. సీడీ, రిపోర్టు, బొమ్మలు అన్నీ కలిపే ఇస్తారు. ఆ రిపోర్టులో టెస్టింగ్ చాప్టరు కూడా ఉంది. పాతిక వరసలు, పాతికా పాస్. మా కాలేజీ కంప్యూటర్లో ఆ ప్రోగ్రాం తెరుచుకోనే లేదు. డేటాబేసు ఏదో కలవలేదన్నారు. నేను ఒక్క వరస కూడా నడిపి చూడలేదు. కింద సంతకం మాత్రం పెట్టాను. దానికి నాకు 'వెరీగుడ్' వచ్చింది. నిజం చెప్పిన వైవాలో నవ్వు, అబద్ధం రాసిన రిపోర్టుకి వెరీగుడ్. ఈ మాట ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

బీటెక్ అయ్యాక నా మొత్తం మార్కులు 58 శాతం. క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలన్నీ గీసిన గీత 60. "కోడింగ్ నీవల్ల కాదులే, టెస్టింగ్ నేర్చుకో" అన్నారు అందరూ. అప్పట్లో మాలాంటి పిల్లలు చాలామంది విన్న మాటే ఇది. రాసేవాడు పెద్దవాడు, రాసినదాంట్లో చెత్త ఏరేవాడు చిన్నవాడు అనే లెక్క అక్కడా ఉంది. ఎస్సార్ నగర్‌లో హాస్టల్, అమీర్‌పేటలో మాన్యువల్ టెస్టింగ్ కోర్సు, మూడు నెలలు.

చెప్పొద్దూ, నా జీవితంలో అంత మంచి క్లాసు ఇంకోటి లేదు. ఒక ఇరుకు గది, తొంభై మంది. చెప్పే ఆయన తెలంగాణ యాసలో చెప్పేవాడు. మొదటిరోజు తెర మీద ఒక లాగిన్ పేజీ పెట్టి, "దీన్ని ఖరాబ్ చెయ్యుండ్రి, ఎవలు ఎక్కువ ఖరాబ్ చేస్తే వాళ్లే హుషారు" అన్నాడు. వయసు 18 నుంచి 60 దాకా తీసుకోవాలంటే మీరు 35 ఇచ్చి చూస్తే ఏం లాభం, 17 ఇయ్యి, 18 ఇయ్యి, 60 ఇయ్యి, 61 ఇయ్యి, తప్పు ఎప్పుడూ అంచుల్లో దాక్కుంటది అన్నాడు. బౌండరీ వాల్యూ అనాలిసిస్ అని నేను పరీక్షలో రెండుసార్లు రాసిన మాట ఇదేనని అప్పుడు అర్థమైంది. అంచు అన్న మాట వినగానే నేనూ, నా పక్కనున్న కరీంనగర్ అమ్మాయీ మొహాలు చూసుకున్నాం. ఇద్దరి ఇళ్లూ ఊరి అంచునే.

ఉద్యోగం రాలేదు. 60 గీత టెస్టింగ్‌కీ ఉంది. తర్వాత ఎమ్మే తెలుగు, పీహెచ్‌డీ. ఆ దారి ఇదివరకే రాశాను. ఒక్కమాట మాత్రం. పాఠ పరిష్కరణ గురించి చదువుతున్నప్పుడు నాకు అమీర్‌పేట గది గుర్తొచ్చింది. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించడానికి రాతప్రతులు పోగుచేయించి, పక్కపక్కన పెట్టి, ఎక్కడెక్కడ తేడా ఉందో చూయించాడు. రావాల్సింది ఏంటి, వచ్చింది ఏంటి. అదే పట్టిక.

సరే, మా పిల్ల దగ్గరికి వద్దాం. ఆ అమ్మాయి ప్రాజెక్టు ఏంటంటే, రెండు కాగితాల మీద రెండు రకాలుగా ఉన్న పేరు ఒకే మనిషిదా కాదా అని చెప్పే ప్రోగ్రాం. ఎందుకు ఎంచుకున్నావంటే, "మా నాన్న పేరు టెన్త్ మెమోలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఒక స్పెల్లింగు మేడం. ఒక ఏడాది స్కాలర్‌షిప్ ఆగిపోయింది" అంది. ఏసోబు. ఒకచోట ఇంగ్లీషు 'వై'తో మొదలైంది, ఇంకోచోట 'ఈ'తో. మన పేటల్లో ఈ బాధ పడని ఇల్లు చూపించండి. పేరు మనం రాసుకోలేదు. మనం నోటితో చెప్పాం, బల్లకి అవతల కూర్చున్నాయన తనకు తోచినట్టు రాసుకున్నాడు.

ప్రోగ్రాంలో వాడింది సౌండెక్స్ అనే పద్ధతి. దానికి మూలం అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో తీసుకున్న పేటెంటు. పేరులో మొదటి అక్షరం అట్లాగే ఉంచుతారు. అచ్చులు తీసేస్తారు. మిగిలిన హల్లులకు ఒకటినుంచి ఆరుదాకా అంకెలిస్తారు, పలుకుబడిలో దగ్గరగా ఉండేవాటికి ఒకే అంకె. మూడంకెలు రాగానే ఆపేస్తారు. రెండు పేర్లకు ఒకే కోడ్ వస్తే ఒకే పేరు. లక్ష్మి అనే పేరు 'కేఎస్‌హెచ్' పెట్టి రాసినా 'ఎక్స్' పెట్టి రాసినా ఎల్ 250 వస్తుంది. పాస్. ఏసోబు 'వై'తో రాస్తే వై 210, 'ఈ'తో రాస్తే ఈ 210. మొదటి అక్షరం వేరు కాబట్టి వేరే మనిషి. ఫెయిల్. ఎలీసమ్మ, అంతే. ఇంకో తమాషా, సునీత, శాంతి ఇద్దరికీ 'ఎస్' 530. సొంత అక్కాచెల్లెళ్లను ఒక్కరే అంటుంది.

నేను ఆ 37 వరసలూ చదివాను. ల్యాబుల్లో మాకిచ్చే పేర్లు ఎప్పుడూ రవి, సీత, కిరణ్. ఈ పిల్ల తన పేటలో ఇల్లిల్లూ తిరిగి, అడిగి, రేషన్ కార్డు ఒకటి, బ్యాంకు పుస్తకం ఒకటి చూసి రాసుకొచ్చింది. దానియేలు, మరియమ్మ, ఏసుపాదం, ఎలీషా, సుందరమ్మ. రివ్యూలో సార్ ఇంకో మాట కూడా అన్నాడంట. "ఈ పేర్లెందుకు, మామూలు పేర్లు పెట్టుకో, అన్నీ పాసవుతాయి" అని. నిజమే. మామూలు పేర్లు పెడితే అన్నీ పాసవుతాయి. అందుకే ఆ పేర్లు పెట్టి చూడటం వల్ల ఏం తెలియదు.

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లను పడగొట్టింది, గుర్తుందా? జ, దాని కింద ఞ, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం. ఆ వరసలో కూర్చిన 'జ్ఞా' మెసేజీలో వస్తే చాలు, యాప్ కుప్పకూలేది. ఫిబ్రవరి 19న ఆపిల్ కొత్త వర్షన్ విడుదల చేసి సరిచేసింది. ఆ అక్షరాల వరసను ముందుగా ఎవరూ ఇచ్చి చూసి ఉండరనే అనుకోవాలి. జ్ఞానం అనే మాట రాయడానికి మొదట కావాల్సిన అక్షరం అది. ఈ కథ చెప్తే పిల్ల నవ్వింది.

కానీ నవ్వుతో దాని ప్రశ్న తీరలేదు. నిజం చెప్పాలంటే నా మనసులో మొదట వచ్చిన జవాబు "మార్చెయ్యమ్మా" అనే. దానికీ 60 గీత ఉంది. రెండు శాతం తగ్గితే ఏమవుతుందో నాకంటే తెలిసినవాళ్లెవరు?

నోటిదాకా వచ్చి ఆగిపోయాను. థెరాక్-25 గురించి చెప్పాను. క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి ఇవ్వాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇచ్చింది. కనీసం ముగ్గురు చనిపోయారు. పాత యంత్రంలో ప్రోగ్రాం తప్పు చేసినా ఆపే ఇనుప అడ్డు ఒకటుండేది. కొత్తదాంట్లో ఆ అడ్డు తీసేసి ప్రోగ్రాంనే నమ్మారు. ఆపరేటరు చేతివేగం ఎక్కువైతే బయటపడే తప్పు అందులో ఉంది. ఒళ్లు కాలిందని రోగులు చెప్తే, మా యంత్రం అట్లా చెయ్యడం అసాధ్యం అని జవాబొచ్చింది. యంత్రం మీద నమ్మకం, చెప్పే మనిషి మీద అపనమ్మకం. గ్లెన్‌ఫోర్డ్ మయర్స్ 1979లోనే తన టెస్టింగ్ పుస్తకంలో రాశాడు, తప్పుని పట్టుకున్న టెస్టే విజయవంతమైన టెస్టని. ఆ లెక్కన ఈ పిల్ల పట్టికలో గెలిచిన వరసలు ఎర్రసున్నాలు చుట్టిన పదకొండే.

"మరి మీ ప్రాజెక్టులో మీరు మార్చారా మేడం?" అంది.

"మార్చడం కాదమ్మా, అసలు నడపనే లేదు" అన్నాను. ఏమీ అనలేదు. రిపోర్టు మూసి ఒళ్లో పెట్టుకుంది.

సాయంత్రం ఇద్దరం కలిసి కంప్యూటర్స్ సార్ దగ్గరికి పోయాం. ఆయన చెడ్డవాడేం కాదు. అరవై ప్రాజెక్టులు ఒక్కడే చూస్తున్నాడు. "ఎక్స్‌టర్నల్ చూసేది ఆ ఒక్క కాలమే మేడం, పిల్ల నష్టపోతుందని చెప్పాను" అన్నాడు. కాసేపు మాట్లాడుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. సరిచెయ్యగలిగింది సరిచెయ్యాలి. మిగిలిన ఫెయిల్ ఫెయిల్‌గానే ఉండాలి, పక్కన ఎందుకు ఫెయిలయిందో కారణం రాయాలి. వైవాలో ఆ కారణం మీద ప్రశ్న వచ్చేట్టు చూస్తానన్నాడు. చూస్తాడో లేదో తెలీదు. నేను వెనక బెంచీలో కూర్చుంటానని చెప్పాను.

శుక్రవారం కూర్చుని, 'ఈ' ముందు వచ్చే 'వై'ని వదిలెయ్యమని ఒక నియమం రాసింది. పదకొండులో ఆరు పాసయ్యాయి. పాతవన్నీ మళ్లీ మొదటినుంచీ నడిపి చూసింది, కొత్తగా ఏదీ చెడలేదు. రిగ్రెషన్ టెస్టింగ్ అని మేం రెండు మార్కులకు రాసేవాళ్లం, దాన్ని ఎవరైనా చేస్తుంటే చూడటం నాకు అదే మొదటిసారి. ఏసోబు ఒక్కడే అయ్యాడు.

వెళ్లేముందు, మీ ఇంట్లో ఏమైనా పేర్లు ఉంటే చెప్పండి మేడం అని అడిగింది. మా అమ్మ పేరు ఇచ్చాను. వెంకమ్మ. రేషన్ కార్డులో 'వి'తో ఉంది. బ్యాంకులో పేరు అడిగితే అమ్మ తన నోటికి వచ్చినట్టే "ఎంకమ్మ" అంది, వాళ్లు 'వై'తో రాసుకున్నారు. నాయన పోయాక ఆ ఒక్క అక్షరం కోసం పింఛను రెండు నెలలు ఆగింది.

శనివారం రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసింది.

"ఫెయిల్ మేడం. నేను రాసిన నియమానికి ఇది దొరకలా. ఇది వేరే రకం."

గొంతులో సంతోషం. అమ్మ పక్కనే కూర్చుని అన్నం తింటోంది, ఎవరని అడిగింది. వరస నెంబరు 38లో రాశానని చెప్పి పిల్ల ఫోను పెట్టేసింది. వైవా వచ్చే గురువారం.